ఏడో టోపీ

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో ఊలు అల్లడం నేర్చుకుంటానని ఎవరైనా అన్నారంటే, వాళ్ళకి పనన్నా లేకపోవాలి, మతన్నా చలించి ఉండాలి. ఆ కార్తీకంలో నా విషయంలో రెండూ నిజమేనని తిరువూరులో మా వీధి వీధంతా నమ్మింది.

నేర్పింది పక్కింటి గుల్షన్ పిన్ని. ఆవిడ భర్త హబీబ్ గారు మిలిటరీలో లారీ డ్రైవరుగా చేసి, పదకొండేళ్ళు కుటుంబాన్ని పఠాన్‌కోట్‌లో పెట్టారు. అక్కడి చలికి తట్టుకోలేక, అక్కడి ఆడవాళ్ళ పక్కన చేరి పిన్ని అల్లిక పట్టింది. రిటైరై ఇక్కడికొచ్చాక స్వెట్టర్లు అల్లితే వేసుకునే దిక్కు లేదు. చేతులు మాత్రం ఊరుకోవు. కూతురు జాహెదా కాన్పుల వార్డులో నర్సు. చలికాలం వచ్చిందంటే అక్కడ పుట్టిన పిల్లలకి టోపీలు అల్లి, కూతురి టిఫిన్ సంచిలో పెట్టి పంపిస్తుంది.

ఒక మధ్యాహ్నం నేను పెరట్లో కూర్చుని ఉంటే పిట్టగోడ మీదనుంచి పిలిచింది.

"సుప్రజా, ఏం చేస్తున్నావే?"

"ఏం లేదు పిన్నీ."

"ఆ ఏం లేదన్నదే మూడు నెలల్నించీ చేస్తున్నావు. ఇట్రా."

వెళ్ళాను. రెండు సూదులు, చిలకపచ్చ ఊలు ఉండ ఒకటి నా ఒళ్ళో పడేసింది. మన ఫ్యాన్సీ షాపుల్లో ఊలు ఉండేదే గుమ్మాలకి తోరణాలు అల్లుకునేవాళ్ళ కోసం. అందులో చిలకపచ్చ, ఎరుపు తప్ప ఇంకో రంగు దొరకడం గగనం.

శ్రావణంలో నాకు ఎనిమిదో నెల. ఒక ఉదయం లోపల మాయ విడిపోయి, రక్తం పోతుంటే విజయవాడ తీసుకెళ్ళారు. మత్తిచ్చి కోశారు. నేను కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. మగపిల్లాడట. ఏడవలేదట. నేను లేచేలోపే మా మామగారు వెంకటప్పయ్యగారు భుజం మీది తువ్వాలు తీసి, అందులో చుట్టుకుని, వానలో కారెక్కి వెళ్ళిపోయారట. నా కొడుకు గురించి నాకు మిగిలినవన్నీ అటలే. "చూడకపోవడమే మంచిదమ్మా. చూస్తే మర్చిపోలేవు" అంది మా అత్తగారు సుబ్బాయమ్మగారు. పాలు పడితే, ఆగడానికి రొమ్ముల మీద మల్లెపూలు పరిచి గుడ్డ కట్టింది. మూడోరోజుకి పాలు ఆగిపోయాయి. ఇప్పటికీ బస్సులో ముందు సీటు ఆవిడ జడలో మల్లెపూలుంటే నేను దిగి, వెనకొచ్చే బస్సెక్కుతాను.

మా వైపు బిడ్డ భూమ్మీద పడకముందు గుడ్డలు కొనకూడదు, కుట్టకూడదు. పుట్టాక కట్టే మొదటి గుడ్డ కూడా ఇంట్లో పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన పాతబట్టే. అందుచేత ఇంట్లో వాడిదంటూ ఒక్క పోగు లేదు. పేరు లేదు, ఫోటో లేదు, బీరువాలో అడుగున దాచుకోవడానికి ఒక చిన్న జుబ్బా లేదు. అసలు ఎవరూ రానేలేదన్నంత శుభ్రంగా ఉంది ఇల్లు. నాకు మాత్రం ఎడమ మోచేతి మడతలో, తల ఆనాల్సిన చోట, మధ్యాహ్నం రెండు దాటాక ఒక బరువు వచ్చి కూర్చునేది. చెయ్యి కదిపితే లేస్తుందేమోనని కదిపేదాన్ని కాదు. నేను ఏం చెయ్యకుండా కూర్చుంటున్నానని అందరూ అనుకునేవారు.

రెండు సూదులు పట్టుకుంటే రెండు చేతులూ కదపాలి. పిన్ని అంతదాకా ఆలోచించిందో లేదో నాకు తెలియదు.

మొదటిరోజు సూది మీదకి ఇరవై ఎక్కించేసరికి నా మెడ పట్టేసింది. సూది మీద ఎక్కే ఒక్కో ఉచ్చునీ పిన్ని ఫందా అంటుంది. సూది ముందునుంచి దూర్చి లాగితే సీదా. వెనకనుంచి దూర్చి లాగితే ఉల్టా. ప్రపంచంలో ఉన్న స్వెట్టర్లన్నీ ఈ రెంటితోనే అయ్యాయంది.

"అంత బిగించకే. పట్టుకుంది సూదా, పొగరుబోతు ఎద్దు ముకుతాడా?"

"వదిలితే జారిపోతున్నాయి పిన్నీ."

"జారితే ఎత్తుకుందాం. బిగిస్తే మాత్రం రెండో వరసకి సూదే దూరదు."

వారం తిరిగేసరికి నాకొక వింత జరిగింది. ఇరవైతో మొదలుపెట్టినవి ఇరవై మూడయ్యాయి. మర్నాటికి ఇరవై ఏడు. నేను ఎక్కించలేదు. లెక్క పెట్టి, సూదులు ఊలులో గుచ్చి, బీరువాలో పెట్టి తాళం వేశాను. అయినా పెరిగాయి. నేను పడుకున్నాక ఎవరో బుల్లి చేతులతో ఒక్కొక్కటీ తగిలిస్తున్నట్టు అనిపించింది. పొద్దున్నే తీసుకెళ్ళి పిన్నికి చూపించాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, గుడ్డని ఎండకి ఎత్తి పట్టింది.

"ఇదుగో, ఇక్కడ చూడు. దారం ముందు పక్కకి వదిలేసి, మర్చిపోయి సీదా వేశావు. అప్పుడు సూది మీద లేని ఫందా ఒకటి పుడుతుంది. కొత్తలో అందరికీ పుడతాయి. పుట్టిన ప్రతిదాని కిందా ఒక చిన్న చిల్లు ఉంటుంది, అదే గుర్తు."

ఏడు చిల్లులు చూపించింది. నాకు నమ్మకం కుదిరింది. కొంచెం బాధ కూడా కలిగింది, దాన్ని పిన్నికి చెప్పలేదు.

ఇంట్లో ఆ చలికాలమంతా మాటలు తక్కువ. మామయ్యగారు ఇంట్లో పడుకోవడం మానేశారు. ఎ.కొండూరు అవతల మాకు నాలుగెకరాల బంగినపల్లి తోట ఉంది. పది వరసలు, వరసకి పది చెట్లు. శ్రావణం నుంచీ ఆయన మంచం అక్కడే, ఏడో వరసలో ఒక చెట్టు కింద. మోటారు వైర్లు కోసుకుపోతున్నారు, కాపలా ఉండాలి అనేవారు. కాపలాకి పాతికేళ్ళుగా లాజరు ఉన్నాడు. ఆ మాట ఎవరూ ఆయనతో అనలేదు. శనివారం తలంటుకి ఇంటికొచ్చి, భోంచేసి, చీకటి పడకుండా బస్సెక్కేసేవారు.

మా ఆయన నవదీప్‌కి ఎరువుల కొట్టుంది. నెమ్మదైన మనిషే, తోట సంగతి వస్తే మాత్రం మండిపడేవాడు. మూడేళ్ళుగా పూతనిండా నల్లతామర పురుగు. పదిసార్లు మందు కొట్టినా పూత మాడి రాలడమే. చుట్టుపక్కల తోటలన్నీ తీయించి పామాయిల్ వేస్తున్నారు. ఆ ఏడు మనమూ తీయించేద్దామన్నాడు. అత్తయ్యగారు వెంటనే సరేనంది. మామిడికాయ ముక్కలు కొట్టందే ఆవిడకి ఎండాకాలం వచ్చినట్టుండదు. అలాంటి మనిషి మాట్లాడకుండా ఒప్పుకోవడం నాకు వింతగా తోచింది.

"ఈసారి పూత చూసి చేద్దాంలేరా" అన్నారు మామయ్యగారు.

"పోయినేడూ అదే అన్నావు నాన్నా."

"చూద్దాంలే."

"రథసప్తమి వెళ్ళిన మర్నాడు జేసీబీ చెప్పాను. ఇంక చూసేదేం లేదు."

ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు. అన్నం సగం అలాగే ఉంది.

పుష్యం వచ్చేసరికి నాకు చెయ్యి తిరిగింది. అంచుకి రెండు సీదా, రెండు ఉల్టా. పైన నాలుగు వేళ్ళ ఎత్తు ఉత్త సీదా. నడినెత్తి దగ్గరకొచ్చాక రెండేసి కలిపి ఒకటిగా లాగి, చివర ముడి. మొదటి టోపీ వంకాయ తొడిమలాగా వచ్చింది. పిన్ని దాన్ని తన బొటనవేలికి తొడిగి ఆడించి నవ్వింది. ఆ తర్వాతవి టోపీల్లాగానే ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి ఆరు ఆసుపత్రికి వెళ్ళాయి. ఒకరోజు జాహెదా గోడ దగ్గర నిలబడి, "అక్కా, నీ చిలకపచ్చ టోపీ పెట్టుకున్నవాడు వార్డు లేచిపోయేలా ఏడ్చాడు" అని చెప్పింది. ఆ ఏడుపు ఎలా ఉందో ఇంకోసారి చెప్పమని అడగాలనిపించింది. అడగలేదు.

ఏడోది అల్లుతుండగా శనివారం వచ్చింది.

మా పెరటి వరండాలో మూడింటిదాకా ఎండ ఉంటుంది. మామయ్యగారు తలంటుకుని, తల తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. టీ ఇచ్చి నేను గడప మీద కూర్చుని అల్లుకుంటున్నాను. ఆయన టీ తాగకుండా నా చేతులు చూస్తున్నారు.

"ఎవరికమ్మా అది?"

"ఆసుపత్రికి మామయ్యగారూ. గుల్షన్ పిన్ని పంపిస్తుంది."

ఆయన టీ ఊదుకున్నారు.

"పెద్దదైంది."

"అప్పుడే పుట్టినవాళ్ళకి అరవై నాలుగు ఫందాలు ఉండాలందండీ."

"వాడికి పెద్దదే" అన్నారు.

ఎవరికి అని నేను అడగలేదు. సూదులు ఆగిపోయాయి. ఆయన గ్లాసు కింద పెట్టి, కుడిచెయ్యి ముడిచి, పిడికిలి నా ముందుకి చాచారు. ఐదు దశాబ్దాలు గొడ్డలీ పారా పట్టిన చెయ్యి.

"ఇంత. నేను పట్టుకున్నానుగా."

అల్లుతున్న టోపీని ఆ పిడికిలి పక్కన పెట్టి చూశాను.

"జుట్టు మాత్రం నిండుగా ఉంది. నల్లగా, నుదుటికి అతుక్కుపోయి. మీ నాన్న పోలికేమో. ఎడమచెవి కాస్త మడత పడింది. లోపల ఒత్తుకుని ఉంటుంది. నేను సరిచేశాను."

ఐదు నెలలకి నా కొడుకు గురించి ఒక మనిషి నాకు చెప్పిన మొదటి సంగతి అది. వాడికి జుట్టు ఉందని. ఒక చెవి మడిచి ఉందని, దాన్ని ఒకరు సరిచేశారని.

సూది లాగేశాను. కొస పట్టుకుని విప్పుకుంటూ పోతే నాలుగు రోజుల పని రెండు నిమిషాల్లో ఒళ్ళో దారమై పడింది. ఆ దారాన్నే ఆయన పిడికిలి చుట్టూ తిప్పి కొలిచాను. నలభై ఎనిమిది చాలు. కొలత అయిపోయాక కూడా ఆయన పిడికిలి విప్పలేదు.

"ఎక్కడ పెట్టారు మామయ్యగారూ?"

ఆయన వంటింటి వైపు చూశారు. లోపల అత్తయ్యగారు పోపు వేస్తున్న చప్పుడు.

"తల్లికి చెప్పకూడదమ్మా. చెబితే మనసు అక్కడే తిరుగుతుంది, మళ్ళీ కడుపు నిలవదంటారు. మీ అత్తకి మాటిచ్చాను."

"మీరు తోటలోనే ఎందుకు పడుకుంటున్నారు?"

"మోటారు వైర్లు కోసుకుపోతున్నారుగా."

టీ చల్లారిపోయింది. దాన్ని అలాగే తాగేసి, చెప్పులు వేసుకుంటూ, నాతో కాదన్నట్టుగా అన్నారు. "చంటివాడు. చీకట్లో ఒక్కణ్ణే ఎలా ఉంచుతాం?"

ఆ సాయంత్రం నవదీప్ కొట్టు మూసి రాగానే చెప్పాను, బాబు తోటలో ఉన్నాడు, జేసీబీ వద్దు అని. అతను బండి స్టాండు వేసి నావైపు తిరిగాడు.

"వాగు గట్టున పెట్టామని నాన్న నాతో చెప్పాడు. తోటకి అర కిలోమీటరు."

"నాకలా చెప్పలేదు."

"తోటలో పెట్టామన్నాడా?"

అనలేదు. అదే నిజం. నవదీప్ నా ముందే ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టాడు. "నాన్నా, వాగు గట్టునేగా?" అవతల గాలి చప్పుడు, కీచురాళ్ళ చప్పుడు. "గట్టునేరా" అన్నారు మామయ్యగారు. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి వింటోంది. భార్యకిచ్చిన మాట ఆయన తప్పలేదు.

"చూశావా సుప్రజా. ఆ ఊలు పట్టినకాడ్నించీ నువ్వు ఏవేవో ఊహించుకుంటున్నావు" అన్నాడు నవదీప్. కోపంగా అనలేదు.

రథసప్తమికి ఇంకా పదహారు రోజులున్నాయి. నాలుగెకరాలు, వంద చెట్లు. ఏ చెట్టో తెలిస్తే ఆ ఒక్కదాన్నీ ఉంచమని కాళ్ళు పట్టుకోవచ్చు. తెలియకపోతే ఏమని అడగను? ఆయన మంచం వేసింది ఏడో వరసలోనని తెలుసు, కానీ నీడ బావుందని వేశారో, వాడు ఉన్నాడని వేశారో ఆయన నోటితో చెప్పాలి. నాకు చెప్పాలి. ఒకసారి స్కూటీ మీద ఎ.కొండూరు దాకా వెళ్ళి, సెంటరులో ఆగి, తిరిగొచ్చేశాను. చెప్పనన్న మనిషిని ఆ చెట్టు కిందే నిలబెట్టి అడగడానికి కాళ్ళు రాలేదు.

టోపీ మూడు రోజుల్లో పూర్తయింది. చిన్నదైనకొద్దీ పని తొందరగా అవుతుంది. దాన్ని ఉప్మారవ్వ డబ్బాలో దాచాను.

అత్తయ్యగారికి దొరికింది.

"ఆసుపత్రికి ఆరు వెళ్ళాయని జాహెదా చెప్పింది." డబ్బా ఆవిడ ఒళ్ళో ఉంది. "ఇది ఏడోది. ఎవరిది?"

"వాడిది."

"లేనివాడికి టోపీ ఏంటే?"

"ఉన్నాడత్తయ్యా. ఎక్కడున్నాడో మీ అందరికీ తెలుసు. నాకే తెలీదు."

"తెలిస్తే ఏం చేస్తావు? వెళ్ళి అక్కడ కూర్చుంటావు. ఒకాయన వెళ్ళి కూర్చున్నాడు, చాల్లేదా?" గొంతు పెద్దది చెయ్యకుండా, రవ్వ ఏరుతున్నట్టు ఒక్కో మాటా ఏరి అంది. "నలభై రెండేళ్ళు నా పక్క మంచం మీద గురక పెట్టిన మనిషి. శ్రావణంలో పోయి ఆ చెట్లలో మంచం వేసుకున్నాడు. రమ్మని రమ్మని నా నోరు పడిపోయింది. తోట మొత్తం తీయించెయ్యరా అని వాడికి చెప్పింది ఎవరనుకున్నావు? నేనే. పురుగూ, పామాయిలూ అవన్నీ వాడి గోల. చెట్టు లేకపోతే ఆయన మంచం ఎక్కడ వేస్తాడు? ఇంటికొస్తాడు. నాక్కావాల్సింది అదొక్కటే."

ఆవిడని నేను అలా ఎప్పుడూ చూడలేదు. పక్కన కూర్చున్నాను.

"ఏ చెట్టో మీకు తెలుసా?"

"తెలీదు. నేనడగలేదు."

"ఎందుకు?"

"అడిగితే నేనూ వెళ్ళి కూర్చుంటాను" అంది. టోపీని డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కి, నాకే ఇచ్చేసింది.

జేసీబీ చెప్పిన రోజుకంటే ఒకరోజు ముందే వచ్చింది. రథసప్తమినాడే, ఖాళీ దొరికిందని. రోడ్డు వైపునుంచి మొదలుపెట్టి సాయంత్రానికి ఆరు వరసలు పడగొట్టేశారని నవదీప్ ఇంటికొచ్చి చెప్పాడు. నాన్న ఏమన్నాడని అత్తయ్యగారు అడిగితే, "ఏమీ అనలేదు, మంచం మీద కూర్చుని చూశాడు" అన్నాడు. తెల్లారాక అతను మళ్ళీ వెళ్ళిన గంటకి నా ఫోన్ మోగింది. మామయ్యగారు నాకు ఫోన్ చెయ్యడం అదే మొదలు.

"అమ్మాయ్" అన్నారు. "నిన్నంతా నాకు నోరు రాలేదు. ఒకసారి రా."

అత్తయ్యగారు నా మొహం చూసి, హెల్మెట్ తెచ్చి చేతికిచ్చింది.

తోట నాకు తోటలాగా కనిపించలేదు. చెట్లు వేళ్ళతో సహా పక్కకి ఒరిగి ఉన్నాయి. ప్రతి చెట్టు మొదట్లో నడుంలోతు ఎర్రటి గుంట. గాలినిండా పచ్చి మామిడికాయ కోసినప్పటి వాసన. ఏడో వరసలో ఒక చెట్టు కింద మంచం, మంచం మీద మామయ్యగారు. ఎదురుగా జేసీబీ పళ్ళు నేలకి ఆనించి ఆగి ఉంది. డ్రైవరు దిగి బీడీ కాల్చుకుంటున్నాడు. నవదీప్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. లాజరు అప్పుడే సైకిలు దిగుతున్నాడు. ముందురోజు పెనుగొలనులో కూతురింటికి వెళ్ళి, పొద్దున్నే వచ్చాడు.

"నాన్న లేవనంటున్నాడు" అన్నాడు నవదీప్ నాతో. "ఎందుకో చెప్పడు."

నేను మంచం దగ్గరకి వెళ్ళాను.

"ఇక్కడేనా మామయ్యగారూ?"

ఆయన తల ఊపారు. మంచం కోడు పక్కన, మొదలుకి మూడడుగుల దూరంలో, అరచేయి నేలమీద పెట్టారు. "ఇక్కడే."

వెనక నవదీప్ చేతులు విడిపోయాయి. "వాగు గట్టునన్నావు కదా" అన్నాడు. అని, తనలో తానే, "గట్టునన్నావు" అని ఇంకోసారి అన్నాడు. వెళ్ళి తండ్రి పక్కన మంచం మీద కూర్చున్నాడు.

అక్కడితో ఆగి ఉండాల్సింది నేను. ఐదు నెలలు అటల మీద బతికినదాన్ని, ఇంకొక్క మనిషి నోట వినాలనిపించింది. ఆ రోజు తోటలో కాపలా ఉన్నది లాజరే. అతని వైపు తిరిగాను.

"తవ్వింది నువ్వే కదా లాజరూ. ఇక్కడేనా?"

లాజరు నన్ను చూడలేదు, మామయ్యగారిని చూడలేదు. అతని కళ్ళు ముందు రోడ్డు వైపుకి పోయాయి. రెండు వరసలు దాటి, ఐదో వరసలో, బోరుకి దగ్గరగా ఉన్న ఒక గుంట మీద ఆగాయి. నిన్న తీసిన గుంట. పక్కన చెట్టు వెల్లకిలా పడి ఉంది. అక్కడ ఎంతసేపు ఆగాయో నేను చెప్పలేను. మనిషి ఒకసారి గుటక వేసేంతసేపు. అప్పుడు తలకి చుట్టుకున్న తుండు విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇక్కడేనమ్మాయిగారూ. అయ్యగారికి తెలీదా" అన్నాడు.

నేను చూశాను. మామయ్యగారు చూడలేదు. ఆయన అరచేయి ఇంకా నేలమీదే ఉంది.

"తెచ్చావా అమ్మా?" అని అడిగారు.

చేతిసంచిలో డబ్బా ఉంది. ఒక్క క్షణం, లేదు, మర్చిపోయాను అని చెబుదామనుకున్నాను. ఇస్తే అది ఇక్కడికి వెళ్తుంది. ఇది ఆ చోటు కాకపోతే? మరి ఆ చోటు ఏదైతే, అక్కడ ఇప్పుడు ఏమీ లేదు. తిరగబడ్డ మట్టి ఉంది. దాన్ని ఎత్తి ఎక్కడ పోశారో డ్రైవరుకీ గుర్తుండదు. ముసలాయన పిడికిలి ఒకటి నా ముందు ఉంది, అదీ నిజమే.

తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కుడి పిడికిలికి తొడిగి చూసుకున్నారు. సరిపోయింది. తర్వాత నవదీప్ వేళ్ళతో మట్టి తీస్తుంటే, లాజరు గడ్డపార అందించబోయాడు. మామయ్యగారు వద్దన్నారు. నేను నేర్చుకుని, నా చేతులతో నా కొడుక్కి చేసిన ఒకే ఒక్క వస్తువుని, వాడు లేడేమోనని నాకు తెలిసిన చోట పెట్టి, నేనే మట్టి కప్పాను.

"ఈ చెట్టు ఉంచెయ్" అన్నాడు నవదీప్ డ్రైవరుతో.

"ఒక్క చెట్టు మధ్యలో ఉంటే మొక్కల వరస పోద్ది సార్."

"పోనీ."

ఆ రాత్రే మామయ్యగారి మంచం ఇంటికొచ్చింది. వాడికి ఇంక చలెయ్యదులే అన్నారాయన. లాజరు ట్రాక్టరు మీద వేసి పంపించాడు, తను రాలేదు. అత్తయ్యగారు మంచానికి నవారు బిగించి, తన మంచం పక్కన వేసి, దుప్పటి పరిచింది. గురక వీధిలోకి వినిపించిందని మర్నాడు గుల్షన్ పిన్ని గోడ మీదనుంచి చెప్పింది. "ఆసుపత్రిలో ఇంకా చలి పోలేదు, ఇంకో రెండు అల్లు" అని ఊలు కూడా విసిరింది.

అల్లుతున్నాను. మోచేతి మీద బరువు పోలేదు. ఇంతకుముందు అది తోట వైపు లాగేది, ఇప్పుడు ఎటు లాగాలో దానికీ తెలియడం లేదు. పామాయిల్ మొక్కలు నాటారు. మధ్యలో ఒక మామిడిచెట్టు ఎందుకుందని రోడ్డున పోయేవాళ్ళు అడుగుతుంటారట. వారానికొకసారి మామయ్యగారు నన్ను బండి ఎక్కించుకు వెళ్ళి, చెట్టుకి నీళ్ళు పోసి తీసుకొస్తారు. ఆయన చెట్టు కిందకి వెళ్ళేముందు చెప్పులు విడుస్తారు. నేను రోడ్డు దగ్గరే విడిచేస్తాను. నాలుగెకరాల్లో ఎక్కడా చెప్పులతో అడుగు పెట్టను.

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం లాజరు మా పెరటి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో చింతచిగురు సంచి. మనిషి సగమైపోయాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మాయిగారూ, మీతో ఒక మాట చెప్పాలి. నాకు కంటిమీద కునుకు లేదు. ఆ శ్రావణంలో, వానలో నేను తవ్వుతుంటే అయ్యగారు చూడలేక అటు తిరిగి నిలబడ్డారు. అప్పుడు మేమున్నది…"

సూది మీద పన్నెండు ఫందాలున్నాయి. పదమూడోది తీస్తూ ఆగాను. ఇంకొక్క మాట వింటే నాకు తెలిసిపోతుంది. నా కొడుకు ఎక్కడ పడుకున్నాడో ఈ లోకంలో నిజంగా తెలిసిన ఒక్క మనిషి నా ముందు నిలబడి ఉన్నాడు. లోపలి గదిలోంచి ఆ గురక వస్తోంది, ఒక మెట్టు ఎక్కి, ఆగి, దిగుతూ.

"మెల్లగా మాట్లాడు లాజరూ" అన్నాను. "మామయ్యగారు నిద్రపోతున్నారు."

అతను తల ఊపాడు. తర్వాత చింతచిగురు గడప మీద పెట్టి, చెప్పులు చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.